నీళ్ల కింద అల్లుడు

4 డిసెంబర్ 1989

ఊపిరి పీల్చడం నేర్పుతారట. నాకు! పొగ నిండిన బొగ్గుబాయిలో ఆక్సిజన్ డబ్బా వీపున కట్టుకుని మనుషులను భుజాన మోసుకొచ్చిన బుచ్చిరాములుకు! నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

మా రెస్క్యూ స్టేషన్ నుంచి ఆరుగురిని ఏరి కరీంనగర్ పంపారు. పాత బాయిల్లో నీళ్లు నిండితే లోపలికి దిగడానికి మనుషులు కావాలట. కెప్టెన్‌ని నేనే. మానేరు డ్యాం పక్కన రేకుల షెడ్డు ఇచ్చారు. నేర్పేది విశాఖపట్నం నుంచి వచ్చిన నేవీ సారు. రిటైరైనా నడుము ఇంకా గునపంలా నిటారుగా ఉంది. డ్యాం కట్టినప్పుడు మునగకుండా నీళ్ల నడుమ ఒక గుట్ట మిగిలింది. పడవలో ఆ గుట్టకు పోవాలి, దాని ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగాలి. ఒడ్డు కింద బండలు అరుగులు అరుగులుగా లోతుకు పోయాయి. వీపున గాలి సిలిండర్, నడుముకు సీసం బెల్టు, కాళ్లకు బాతుపాదాల్లాంటి రబ్బరు చెప్పులు. ఈ వయసులో ఈ వేషం.

ఆరోవాడు ముత్యం. వాడి పేరు ఈ పుస్తకంలో రాయనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టాల్సి వచ్చింది. ఇకమీద ‘వాడు’ అంటే వాడే.

5 డిసెంబర్

జతలు వేశారు. నీళ్లలో ఎవరూ ఒంటరిగా ఉండకూడదట, ఇద్దరిద్దరు ఉండాలట, ఒకరి ప్రాణానికి ఇంకొకరు పూచీ అట. ఎత్తూ బరువూ చూసి సారు నన్నూ వాణ్నీ జత కలిపాడు.

మా టీంలోని సిద్దిరాములుకు నవ్వాగలేదు. "మామా అల్లుళ్లు! గింతకన్న మంచి జత యాడ దొరుకుతది సార్!" అన్నాడు. సిద్దిరాములు నోట్లో మన్ను పడ.

జత మార్చమని అడిగాను. "ఎందుకండీ?" అన్నాడు సారు.

ఏమని చెప్పను? మూడేళ్లు నా ఇంట్లో అన్నం తిన్నాడు. డబ్బా కట్టుకోవడం నేనే నేర్పాను. కాకా, కాకా అని వెంట తిరిగి, ఒకనాడు నా బిడ్డ స్వరూపను వేములవాడకు తీసుకుపోయి దండలు మార్చుకున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కబెట్టినవాడు. ఒక్క మాట అడిగి ఉంటే ఏమయ్యేది? అడిగితే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. అది వేరే సంగతి.

"ఏం లేదు సార్" అన్నాను.

6 డిసెంబర్

వాడితో మాట్లాడలేదు. నీళ్ల కింద ఎటూ మాట్లాడేది లేదు. అదొక్కటే ఈ ట్రైనింగులో నాకు నచ్చింది.

8 డిసెంబర్

నేవీ సారుకు ఒక్కటే మంత్రం. "ఊపిరి బిగబట్టకండి. ఏం జరిగినా సరే, పీలుస్తూ వదులుతూ ఉండండి." పొద్దున లేస్తే ఇదే పాట. ఈరోజు అందరి ముందు నన్ను నిలబెట్టాడు.

"బుచ్చిరాములు గారూ, మీరు మధ్యమధ్యలో ఊపిరి ఆపేస్తున్నారండీ. బుడగలు ఆగిపోతున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను."

"అలవాటు సార్. బాయిల కప్పు మాట్లాడితే ఊపిరి బిగబట్టి ఇంటం. ఇని ఉరుకుతం. ఊపిరి సప్పుడుకు కప్పు సప్పుడు ఇనబడకపోతే సచ్చుడే."

"ఇక్కడ కప్పు లేదు కదండీ."

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. నవ్వకపోవడం కూడా ఒక రకం పొగరే.

బాయిలో పైనున్న రాయి కూలేముందు చిటపటమంటుంది, ఎండిన కంది కట్టె విరిచినట్టు. ఊపిరి ఆపి, ఏ వైపునుంచో పసిగట్టి, వెలుతురు వైపు ఒక్కటే ఉరుకు. ఇన్నేళ్లు నన్ను బతికించింది అదే. సముద్రంలో ఈదిన మనిషికి ఆ సంగతి ఏం తెలుసు?

10 డిసెంబర్, ఆదివారం

స్వరూప వచ్చింది. నా కోసం కాదు, వాడి కోసం. జొన్న రొట్టెలు, పచ్చిపులుసు మోసుకుని బస్సులో వచ్చింది, ఆరో నెల కడుపుతో. నేను షెడ్డు వెనక బట్టలు ఆరేసుకుంటుంటే వచ్చి నిలబడ్డది. పెళ్లి తర్వాత నా ముందుకు రావడం ఇదే మొదలు.

"బాపూ, బాగున్నవా?"

"బతికున్న."

"ఈ ట్రైనింగుల పాసైతే ఆయనను స్టేషన్లనే పర్మనెంట్ జేస్తరట. కాకుంటే మల్ల బొగ్గు తవ్వుడుకే తోలుతరట. ఆ కప్పు కింద ఆయనుంటే నాకు కన్ను మూతబడదు. గీ పిల్లకు తండ్రి గావాలె బాపూ. జర సూస్కో."

ఒక గిన్నె నా ముందు పెట్టి పోయింది. నేను ముట్టలేదు. సిద్దిరాములు తిన్నాడు. ఉల్లిగడ్డ బాగా పడ్డదట పచ్చిపులుసులో, గిన్నె నాకినంత పని చేశాడు.

నన్ను అడగకుండా నా బిడ్డను తీసుకుపోయిన మనిషిని ఏం చూసుకోను? వాడి సంగతి వాడే చూసుకుంటాడు.

12 డిసెంబర్

మూడు నిలువుల లోతుకు పోయాం. మునిగిపోయిన పొలం గట్టు ఒకటి కనిపించింది. దాని మీద జెల్ల చేపలు బారులు తీరి తిరుగుతున్నాయి. బండల సందుల్లో పచ్చటి నాచు, వెలుతురు పడ్డచోట నిమ్మకాయ రంగు. దుర్గవ్వకు చెబితే నమ్మదు. నా పెండ్లానికి నేను చెప్పేది ఏదీ నమ్మకపోవడం అలవాటు.

దిగేముందు జతవాడి బెల్టు, సిలిండర్ వాల్వు, పట్టీలు సరిచూడాలి. వాడు నా ఛాతీ మీద పట్టీ లాగి చూస్తాడు, కళ్లు దించుకుని. నేను వాడిది లాగుతాను, కొంచెం గట్టిగానే.

14 డిసెంబర్

వాడు ఈరోజు నన్ను చంపబోయాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

గుట్ట ఒడ్డు నుంచి దిగాం. ముందు నేను, పక్కన వాడు. సారు తక్కిన నలుగురితో అవతలి వైపు ఉన్నాడు. మూడు నిలువుల లోతులో బండ అంచు పట్టుకుని పోతున్నాను. నెత్తి మీద పెద్ద బండ ముందుకు చొచ్చుకుని ఉంది. అప్పుడు వినిపించింది. చిటచిట, తర్వాత పెద్దగా కటకటమని. నీళ్లలో చప్పుడు ఏ వైపు నుంచి వస్తుందో తెలియదు, అన్ని వైపుల నుంచీ వస్తుంది, పళ్లలోంచి కూడా వస్తుంది.

విన్నాను. తర్వాత పైన వెలుతురు కనిపించింది. అటు బయలుదేరాను. అంతే.

అంతలో కాలు పట్టుకుని కిందికి గుంజాడు! తన్నాను. వదల్లేదు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు, వీడు రెండోది పట్టుకున్నాడు. ఇంకో కాలితో మొహం మీద తన్నాను, మాస్కు పక్కకు జరిగింది. అయినా నా నడుము పట్టుకుని పైకి ఎగబాకి కడుపులో గుద్దాడు. నోట్లో ఉన్నదంతా బుడగలై పోయింది. మళ్లీ గుద్దాడు. నన్ను కావలించుకుని, మెల్లగా, నత్తలా పైకి తెచ్చాడు. పైకి రాగానే తోసేసి బండ మీద కూలబడి దగ్గాను. వాడి ముక్కు నుంచి నెత్తురు కారుతోంది.

చప్పుడు పడవ లంగరుదట. గొలుసు బండ మీద రాసుకుందట. ఏ చప్పుడైతేనేం? మామను నీళ్ల కింద పట్టుకుని గుద్దుతాడా?

కూతుర్ని ఇచ్చి ఉంటే కదా మామ అని గౌరవించడానికి. ఇయ్యలేదు కదా. ఆ పగ పెట్టుకున్నాడు.

15 డిసెంబర్

సేఫ్టీ ఆఫీసరు లక్ష్మణ్‌రావు సారు జీపులో వచ్చాడు. అందరి ముందు చెప్పాను. కాలు పట్టి గుంజాడు, కడుపులో గుద్దాడు, ఇంటి పగ నీళ్లలో తీర్చుకుంటున్నాడు, అని. లక్ష్మణ్‌రావు సారు వాడి వైపు తిరిగాడు.

"ఏమయ్యా ముత్యం, నిజమేనా?"

నేను ఊపిరి బిగబట్టి పారిపోయానని చెబుతాడనుకున్నాను. చెప్పనీ, చూద్దాం అనుకున్నాను. కెప్టెన్ మాట ముందు వాడి మాట ఎంత? (నేను పారిపోలేదు. వెలుతురు వైపు బయలుదేరాను.)

వాడు నేల చూపులు చూస్తూ అన్నాడు: "నిజమే సార్. గా సప్పుడుకు నాకు బుగులైంది. ఏం దోసక మామ కాలు వట్టుకున్న. దెబ్బ గూడ తాకినట్టుంది. తప్పు నాదే."

నేవీ సారు వాడి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన చూడలేదు కదా, ఏమంటాడు?

భయపడేవాడు రెస్క్యూకు పనికిరాడన్నాడు లక్ష్మణ్‌రావు సారు. సాయంత్రం బస్సుకు వాణ్ని పంపేశారు. ముక్కు ఇంకా వాచే ఉంది. పోయేముందు నా సిలిండర్ పట్టీ ఒకటి వదులైందని సిద్దిరాములుకు చెప్పి పోయాడట.

న్యాయం జరిగింది. ఈ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

16 డిసెంబర్

పట్టీ వదులైన మాట నిజమే.

18 డిసెంబర్

ఈరోజు సారు ఒక ప్లాస్టిక్ సంచిని లోతుకు తీసుకుపోయి, అక్కడ సిలిండర్ గాలితో నింపి, మూతి కట్టి వదిలాడు. అది పైకి వస్తూ వస్తూ ఉబ్బింది. నీళ్ల పైకి రాకముందే ఫట్‌మని పగిలింది.

"ఇదేనండీ మీ ఊపిరితిత్తి. లోతులో పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. నోరు మూసుకుని పైకి పరిగెత్తారో, ఇంతే సంగతులు. జతవాడు అలా పరిగెడుతుంటే ఏం చెయ్యాలో గుర్తుందా? కాలు పట్టుకుని ఆపండి. గాలి వదలకపోతే కడుపులో ఒక్కటి గుద్దండి. మొహమాటపడకండి. తర్వాత మెల్లగా పైకి తీసుకురండి."

"గిది ముందుగాల్నే జెప్పాలె గద సార్!" అన్నాను. గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది.

"మొదటి రోజే చెప్పానండీ. మీరు చుట్ట కాల్చుకోవడానికి బయటికెళ్లారు."

సిద్దిరాములు నా వైపు చూశాడు. నేను చెప్పు పట్టీ సర్దుకున్నాను.

19 డిసెంబర్

నేను ఊపిరి బిగబట్టలేదు.

20 డిసెంబర్

బిగబట్టినా ఒక్క క్షణమే అయి ఉంటుంది.

21 డిసెంబర్

నీళ్లలోకి దిగలేదు. జలుబు అని చెప్పాను. సిద్దిరాములు పక్కన కూచుని బీడీ ముట్టించాడు.

"అన్నా, ఒక మాటంట, తిట్టవు గద?"

"తిడ్త."

"అయితె అనను" అని లేచిపోయాడు. నా జీవితంలో సిద్దిరాములు నోరు మూసుకున్నది ఇదొక్కసారే, అదీ ఇప్పుడే మూసుకోవాలా?

24 డిసెంబర్, ఆదివారం

స్వరూప మళ్లీ వచ్చింది. ఈసారి గిన్నె లేదు. దుర్గవ్వ కూడా వెంట వచ్చింది. వీళ్లిద్దరికీ మాటలు ఎప్పుడు కలిశాయో నాకు తెలియదు. నన్ను అడిగి చేసేదేముంది వీళ్లు?

వాడు రెండో షిఫ్టులో బొగ్గు తవ్వుతున్నాడట. మొన్న వాడి పక్కనే కప్పు నుంచి పెద్ద పెళ్ల రాలిందట. ఎవరికీ ఏమీ కాలేదు. వాడు ఇంట్లో చెప్పలేదు. కాలనీ నల్లా దగ్గర ఎవరో అంటుంటే స్వరూప చెవిన పడిందట.

"బాపూ, నిజం జెప్పు. నీళ్లల్ల ఉరికింది ఎవలు?"

"కెప్టెన్ ఉరుకడు."

"ఆయనకు బుగులైందట. బుగులైనోడు కిందికి గుంజుతడా? మీదికి ఉరుకుతడా?"

దుర్గవ్వ అందుకుంది. "నీ పేరు వోవద్దని పోరడు మీదేస్కున్నడు. నువ్వు కోడిపుంజు లెక్క మెడ లేపుకొని తిరుగుతున్నవ్. థూ నీ బతుకు!"

"నువ్వు ఊకో. నీకేం తెల్సు బాయి సంగతి?"

"బాయి సంగతి నాకెందుకు? నీ సంగతి తెల్సు."

స్వరూప ఏడవలేదు. ఏడిస్తే తిట్టి పంపేవాణ్ని. "ఆ కప్పు ఆయన మీద వడితె నువ్వే వోయి తీస్కరావాలె గద బాపూ. నువ్వే కెప్టెన్‌వి" అని మెల్లగా అన్నది. అని తల్లి చెయ్యి పట్టుకుని బస్సు రోడ్డు వైపు నడిచింది.

ఎండలో చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నా బిడ్డ నడుము మీద చెయ్యి పెట్టుకుని నడుస్తుంటే చూశాను. రాయొద్దు అనుకున్నాను, రాశాను.

26 డిసెంబర్

లక్ష్మణ్‌రావు సారు ఆఫీసుకు పోయాను. ముందే అనుకున్న మాటలు గడప దాటగానే మర్చిపోయాను.

"సార్, ఊపిరి వట్టింది నేను. ఉరికింది నేను. గా పోరడు వట్టుకోకుంటె నా పక్కలు పలిగిపోతుండె. వాని నౌకరి వానికియ్యిండ్రి."

సారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. మంచి నవ్వే, అదే నన్ను మండించింది.

"బుచ్చిరాములూ, నీ మనసు బంగారమయ్యా. ఇన్నాళ్లు పలకరించని అల్లుని కోసం నీ పేరే చెడగొట్టుకుంటున్నవ్. ఆడపిల్ల తండ్రివి, నాకు తెల్వదా?"

"అబద్ధం గాదు సార్!"

"అల్లుడు తనే ఒప్పుకున్నడు గద. నీ సర్వీసు నాకు తెలుసు. ఫికర్ జెయ్యకు, పో. నీ మీద గౌరవం ఇంకా పెరిగింది."

పెరిగిందట! అబద్ధం చెప్పినప్పుడు నమ్మారు, నిజం చెబితే మెచ్చుకున్నారు. కుడితిలో పడ్డ ఎలుక అయ్యాను. చాయ్ కూడా తాగించి పంపాడు.

బయటికి వచ్చినవాణ్ని మళ్లీ లోపలికి పోయాను. "సార్, ఒక్క పని జేయిండ్రి. నన్నూ వాన్నీ ఒక్కసారి మల్ల దింపుండ్రి. నేవీ సారు పక్కనుండాలె. సప్పుడు జేయాలె. ఎవలు ఉరుకుతరో కండ్లతోని సూడుండ్రి."

"జిద్దు మనిషివి" అన్నాడు. సరేనన్నాడు.

27 డిసెంబర్

నేను అన్నీ ఆలోచించి పెట్టుకున్నాను. నేవీ సారు రాయితో సిలిండర్ మీద కొడతాడు. మూడో దెబ్బకు నేను నోరు బిగించినట్టు చేసి పైకి లేస్తాను. నిజంగా బిగబట్టను, సన్నగా వదులుతూనే ఉంటాను. పైనుంచి చూసేవాళ్లకు భయపడ్డట్టే కనిపించాలి. నాటకం, అంతే. ఒగ్గు కథల్లో ఎంతమంది ఏడ్వడం చూడలేదు? వాళ్లంతా నిజంగా ఏడుస్తారా?

సిద్దిరాములుకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

29 డిసెంబర్

అయిపోయింది.

పొద్దున వాడు వచ్చాడు. బొగ్గు నుసి కళ్ల అంచున ఇంకా ఉంది. ఎందుకు పిలిచారో వాడికి తెలియదు. గుట్ట ఒడ్డున నా పట్టీలు లాగి చూశాడు. నేను వాడివి చూశాను. ఈసారి గట్టిగా లాగలేదు, చలికి వేళ్లు పట్టు తప్పాయి. ఒడ్డు మీద లక్ష్మణ్‌రావు సారు, నా టీం మొత్తం నిలబడి ఉన్నారు. నేను నేర్పిన వాళ్లందరూ.

దిగాం. రెండు నిలువుల లోతు చాలన్నాడు నేవీ సారు. ఆయన నా ముందు, వాడు నా పక్కన. నేను అనుకున్నదంతా గుర్తు చేసుకున్నాను. మూడో దెబ్బకు.

సారు రాయి ఎత్తాడు.

మొదటి దెబ్బ పడింది. రెండోది పడిందో లేదో నాకు తెలియదు. నేను అప్పటికే పైకి పోతున్నాను.

అయితే ఏమిటి? ముందుగా మొదలుపెట్టాను, అంతే. నాటకంలో ఒక్కోసారి పాట ముందే ఎత్తుకుంటారు. నోరు కూడా గట్టిగానే మూసుకున్నాను, చూసేవాళ్లు నమ్మాలి కదా. సన్నగా వదలడం మర్చిపోయాను. పైన వెలుతురు తప్ప నాకు ఏమీ కనిపించలేదు, అది కూడా నాటకంలో భాగమే.

కాలు పట్టుకున్నాడు. ఈసారి తన్నొద్దనుకున్నాను. తన్నాను. వాడు ముందే మొహం తిప్పుకున్నాడు. కడుపులో గుద్దాడు. బుడగలు పోయాయి. రెండు చేతులతో నన్ను పొదివి పట్టుకుని మెల్లగా, మెల్లగా పైకి తెచ్చాడు. మాస్కులోంచి నా కళ్లలోకే చూస్తూ, పీల్చు, వదులు, పీల్చు, వదులు అని తలతో చెబుతున్నాడు. చంటిపిల్లకు చెప్పినట్టు. నేను పీల్చాను, వదిలాను.

నేవీ సారు మాస్కు తీసి లక్ష్మణ్‌రావు సారుతో అన్నాడు: "ఈ కుర్రాడు లేకపోతే మీ కెప్టెన్ ఈపాటికి శవమేనండీ. ఆ రోజు కూడా ఇదే జరిగుంటుంది. ఇతన్ని పంపేసి మీరు పొరపాటు చేశారు."

నా టీం వాళ్లు నీళ్లవైపు చూస్తున్నారు, నా వైపు ఎవరూ చూడలేదు. సిద్దిరాములు తువ్వాల తెచ్చి భుజాల మీద కప్పాడు.

వాణ్ని తిరిగి స్టేషన్‌కు తీసుకున్నారు. నన్ను నీళ్ల పని నుంచి తీసేశారు. కెప్టెన్‌గా ఉంటానో లేదో వచ్చే వారం చెబుతారట. చెప్పనీ.

భయపడలేదు. కావాలనే చేశాను. ఇది ఇక్కడ రాసి ఉండాలి.

తిరుగు పడవలో వాడు నా ఎదురుగా కూచున్నాడు. కాసేపు నీళ్లలో చెయ్యి ఆడించాడు. తర్వాత ఎవరికీ వినబడకుండా ముందుకు వంగి అడిగాడు.

"మామా, కావాల్ననే జేసినవా? నిజంగనే బుగులైందా?"

కడుపు మీద చెయ్యి పెట్టుకుని వాడి మొహంలోకి చూశాను.

"నీ యవ్వ, గింత గట్టిగ గుద్దుతర్రా?" అన్నాను.

వేములవాడ నుంచి దండలతో వచ్చిన రోజు తర్వాత వాడితో నేను మాట్లాడిన మొదటి మాట అది. వాడు తల పక్కకు తిప్పుకుని నవ్వాడు. నేను నవ్వలేదు, పక్కటెముకలు నొస్తున్నాయి.